వాహన విద్యుత్ వ్యవస్థ: మరమ్మతు పనుల్లో భద్రత

మోటారు వాహనంలో బ్యాటరీ, సెల్ఫ్ మోటారు (స్టార్టరు), ఆల్టర్నేటరు, ఇగ్నిషను, దీపాలు, హారను, వైరింగు, వీటన్నిటినీ అదుపు చేసే ఎలక్ట్రానిక్ యూనిట్లు కలిస్తే విద్యుత్ వ్యవస్థ. వీటిని విప్పేటప్పుడు, బిగించేటప్పుడు, పరీక్షించేటప్పుడు మనిషికీ బండికీ హాని జరగకుండా పాటించవలసిన పద్ధతులు ఈ వ్యాసంలో ఉన్నాయి. మోటారుసైకిళ్లు, ఆటోలు, కార్లు సాధారణంగా 12 వోల్టుల మీద నడుస్తాయి. లారీలు, బస్సులు రెండు బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు వాడతాయి. విద్యుత్ వాహనాల్లో వోల్టేజీ 48 నుంచి 800 దాకా ఉంటుంది.

ఇంటి కరెంటు చూసి పెరిగినవాళ్లకు షాకు కొడితేనే ప్రమాదం అన్న లెక్క ఒకటి మనసులో పాతుకుపోయి ఉంటుంది. బండి దగ్గర ఆ లెక్క తప్పుతుంది. 12 వోల్టుల దగ్గర మనిషిని గాయపరిచేది షాకు కాదు, వేడి. ఎలక్ట్రిక్ కారు దగ్గర షాకూ ఉంది, వేడీ ఉంది. ముట్టుకుంటే ఏమీ కాలేదు కదా అన్న ధీమా మొదటి చోట వేలు కాలుస్తుంది, రెండో చోట ప్రాణం తీస్తుంది.

వ్యవస్థ ఏర్పడిన తీరు

సీసం పలకలు, గంధకామ్లంతో పనిచేసే బ్యాటరీని ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. తొలినాటి కార్లలో ఇంజిన్ను హ్యాండిల్ వేసి చేత్తో తిప్పేవారు. ఇంజిన్ వెనక్కి తన్నితే ఆ హ్యాండిల్ తగిలి మణికట్లు, దవడలు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్ కారుతో జనంలోకి వచ్చి ఆ బాధ తప్పించింది. అయితే ఇంజిన్‌ను కదిలించాలంటే క్షణాల్లో వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ బండిలోనే ఉండాలి. మరమ్మతుల్లో ఈనాడు మనం జాగ్రత్తపడేది ప్రధానంగా ఆ శక్తి గురించే.

1950ల దాకా 6 వోల్టుల వ్యవస్థలు ఎక్కువ. తర్వాత 12 వోల్టులు స్థిరపడ్డాయి. 1960ల నుంచి డైనమో స్థానంలోకి ఆల్టర్నేటరు వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైన ఏర్పాటు మాత్రం మొదటినుంచీ ఉన్నదే: ప్రతి దీపానికీ రెండు తీగలు లాగకుండా, తిరుగు దారిగా బండి ఇనుప శరీరాన్నే వాడతారు. బ్యాటరీ మైనస్ బాడీకి కలిసి ఉంటుంది. మెకానిక్కులు బాడీ ఎర్త్ అనేది దీన్నే. దీంతో తీగ ఖర్చు సగం తగ్గింది, కానీ బండిలో కనిపించే ప్రతి ఇనుప ముక్కా బ్యాటరీకి ఒక కొస అయి కూర్చుంది.

పన్నెండు వోల్టులు ఏం చేయగలవు

పొడిగా ఉన్న రెండు చేతుల మధ్య విద్యుత్ నిరోధం వేల ఓముల్లో ఉంటుంది. 10,000 ఓములు అనుకుంటే 12 వోల్టులకు పారేది 1.2 మిల్లీ ఆంపియర్లు. అది మనిషికి తెలిసీ తెలియనంత. అందుకే బ్యాటరీ రెండు టెర్మినళ్లనూ రెండు చేతులతో పట్టుకున్నా చాలామందికి ఏమీ అనిపించదు.

అదే చోట పానా అడ్డం పడితే కథ వేరు. మంచి స్థితిలో ఉన్న కారు బ్యాటరీ లోపలి నిరోధం ఓములో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఇనుప పానా ప్లస్‌నూ బాడీనీ కలిపితే వందల ఆంపియర్లు, ఒక్కోసారి వెయ్యికి పైగా పారతాయి. పానా టెర్మినల్‌కు వెల్డింగు అయినట్టు అతుక్కుపోతుంది, కరిగిన సీసం తుంపర ముఖం మీదికి ఎగురుతుంది.

ఉంగరం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బంగారం, వెండి రెండూ మంచి వాహకాలు. ప్లస్ నట్టు మీద ఉన్న పానాను పట్టుకున్న వేలి ఉంగరం పక్కనే ఉన్న ఇంజిన్ బ్రాకెట్‌కు తగిలిందనుకుందాం. పానా నుంచి ఉంగరం గుండా బాడీకి దారి ఏర్పడుతుంది. ఉంగరం ఒకటి రెండు సెకన్లలో మాడిపోయేంత వేడెక్కుతుంది. వేలి చుట్టూ చర్మం కాలి ఉబ్బుతుంది కాబట్టి లాగినా రాదు. ఇలాంటి గాయాలు లోతుగా ఉంటాయి, కొన్నిసార్లు చర్మం అతికించవలసి వస్తుంది. కడియం, ఇనుప పట్టీ గడియారం, మెడలో వేలాడే గొలుసు అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. పెళ్లి ఉంగరమో మొక్కుకున్న కడియమో తీయడానికి మనసొప్పనివాళ్లు కనీసం దాని మీద బిగుతుగా టేపు చుట్టుకోవాలి. తీసి జేబులో వేసుకోవడం మరింత మంచిది.

బ్యాటరీ తీగలు విప్పే వరస

ఏ మరమ్మతు పుస్తకం తెరిచినా మొదటి వాక్యం ఒకటే: ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. కారణం తెలియనివాళ్లు తొందరలో ఈ వరసను తారుమారు చేస్తారు.

మైనస్, బాడీ రెండూ ఒకటే. కాబట్టి మైనస్ నట్టు తిప్పుతున్న పానా బానెట్ అంచుకో రేడియేటర్ పట్టీకో తగిలినా ఏమీ జరగదు. మైనస్ తీగ పక్కకు తీసేశాక బ్యాటరీకీ బాడీకీ సంబంధం తెగిపోతుంది. ఆ తర్వాత ప్లస్ నట్టు విప్పుతూ పానా బాడీకి తగిలినా కరెంటు తిరిగి రావడానికి దారి ఉండదు. ముందు ప్లస్ విప్పబోతే ఆ పానా ఎక్కడ తగిలినా నేరుగా షార్టే. బిగించేటప్పుడు ఇదే తర్కం తిరగబడుతుంది. పాతకాలపు కొన్ని బ్రిటిష్ వాహనాల్లో ప్లస్‌ను బాడీకి కలిపేవారు. అటువంటి బండి చేతికొస్తే ముందు విప్పవలసింది ప్లస్. నియమం అసలు రూపం అది: బాడీకి కలిసిన కొస ముందు వదలాలి.

విప్పే ముందు తాళం తీసి, బండిలోని కంప్యూటర్లు నిద్రలోకి జారడానికి రెండు మూడు నిమిషాలు ఆగాలి. విప్పిన మైనస్ తీగకు గుడ్డ చుట్టి పక్కకు కట్టేయాలి. మందపాటి తీగకు స్ప్రింగు గుణం ఉంటుంది, మనిషి బండి కింద ఉండగా అది తిరిగి వచ్చి టెర్మినల్ మీద వాలవచ్చు. రెండు బ్యాటరీల బండిలో రెండింటి మైనస్‌లూ విప్పాలి. కొత్త కార్లలో మైనస్ క్లాంపు మీదే బ్యాటరీ స్థితి కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి క్లాంపును ఎత్తితే అది విరుగుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉండి, డిక్కీ తలుపు కరెంటుతోనే తెరుచుకునే కార్లలో తీగ విప్పి తలుపు వేసేస్తే మళ్లీ తెరవడం కష్టమవుతుంది.

పని అయ్యాక బ్యాటరీని పట్టి ఉంచే బ్రాకెట్ బిగించడం చాలామంది మరిచిపోతారు. గతుకుల్లో బ్యాటరీ జరిగి ప్లస్ టెర్మినల్ బానెట్ రేకుకు తగిలితే మధ్యలో ఫ్యూజు అంటూ ఏదీ ఉండదు. ప్లస్ మీద ఎర్ర రబ్బరు మూత ఉన్నది ఇందుకే. మూత విరిగితే పారేసి ఊరుకోకుండా కొత్తది వేయాలి.

ఆమ్లం, వాయువు

ఛార్జింగు నిండుగా ఉన్న సీసపు బ్యాటరీలో బరువులో మూడో వంతుకు పైగా గంధకామ్లం ఉన్న ద్రవం ఉంటుంది. హైడ్రోమీటరుతో చూస్తే దాని సాపేక్ష సాంద్రత 1.26 నుంచి 1.28. నూలు బట్ట మీద పడితే ఆ రోజు ఏమీ కనిపించదు, తర్వాత ఉతికినప్పుడు చిల్లులు తేలతాయి. కంట్లో పడితే చూపు పోయే అవకాశం ఉంది. అందుకే కళ్లద్దాలు లేకుండా బ్యాటరీ మీదికి వంగకూడదు. మట్టం తగ్గితే పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కొత్త బ్యాటరీకి ఆమ్లం కలిపే పని ఉంటే నీళ్లలో ఆమ్లం కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలో నీళ్లు పోస్తే పుట్టే వేడికి అది మరిగి చిమ్ముతుంది.

ఛార్జింగు నిండాక కూడా కరెంటు పారుతూ ఉంటే ఆ శక్తి నీటిని విడగొట్టి హైడ్రోజన్, ఆక్సిజన్ చేస్తుంది. అదనంగా పారే ఒక్కో ఆంపియర్-గంటకు బ్యాటరీలోని ఒక్కో గదిలో (సెల్‌లో) సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది, అంటే ఆరు గదుల బ్యాటరీలో సుమారు 2.5 లీటర్లు. 5 ఆంపియర్ల ఛార్జరును నిండిన బ్యాటరీకి మరో నాలుగు గంటలు అలాగే వదిలేస్తే దాదాపు 50 లీటర్లు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పు అంటుకుంటుంది. 75 శాతం దాకా అంటుకునే గుణం పోదు. దాన్ని వెలిగించడానికి కావలసిన నిప్పురవ్వ కూడా అతి స్వల్పం. సిగరెట్టే అక్కర్లేదు, వదులు క్లాంపు దగ్గర చిన్న మెరుపు చాలు. పేలినప్పుడు ప్లాస్టిక్ పెంకులు, ఆమ్లం కలిసి మీద పడతాయి.

కాబట్టి ఛార్జరు క్లిప్పులు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు గోడ స్విచ్ ఆపి ఉండాలి. బ్యాటరీ బతికి ఉందా లేదా చూడటానికి రెండు కొసలనూ తీగతో తాకించి నిప్పురవ్వలు చూసే అలవాటు ఇప్పటికీ ఉంది. ఇది మానుకోవలసిన అలవాట్లలో మొదటిది. తిరుపతి దగ్గరి కరకంబాడి నుంచి దేశమంతటికీ వెళ్లే అమరాన్ వంటి నిర్వహణ అక్కర్లేని బ్యాటరీలు వచ్చాక ఇక వాయువు బాధ లేదని అనుకునేవారున్నారు. మామూలు వాడుకలో వాటి నుంచి వచ్చేది తక్కువే. మితిమీరి ఛార్జి చేస్తే అవీ వాయువు వదులుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ఛార్జింగు వెంటనే ఆపి, గది తలుపులు, కిటికీలు తెరిచి, చల్లారేదాకా దూరంగా ఉండాలి.

టెర్మినళ్ల మీది తెల్ల పొడిలో సీసపు లవణాలు ఉంటాయి. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగితే అక్కడి ఆమ్లం విరుగుతుంది. సీసం ఒంట్లో చేరితే సులువుగా పోదు. చేత్తో అన్నం తినే మనకు, బ్యాటరీ పని తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం మర్యాద కోసం చేసే పని కాదు. బ్యాటరీ షాపుల్లో చిన్నపిల్లలను కూర్చోబెట్టకూడదనడానికి కూడా ఈ సీసమే కారణం.

మరో బండి నుంచి కరెంటు తీసుకోవడం

దిగిపోయిన బ్యాటరీని మరో బండి సాయంతో లేపేటప్పుడు ముందు రెండిటి వోల్టేజీ ఒకటేనా అని చూడాలి. హైవే మీద ఆగిన కారుకు లారీ డ్రైవరు మంచిమనసుతో సాయపడబోతాడు. లారీవి 24 వోల్టులు. అవి కారుకు నేరుగా తగిలితే ఎలక్ట్రానిక్ యూనిట్లు పాడవుతాయి, బ్యాటరీ పేలవచ్చు కూడా.

ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ ముందు మంచి బ్యాటరీ మైనస్‌కు. చివరి క్లిప్పు దిగిపోయిన బ్యాటరీ మైనస్‌కు కాదు, ఆ బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుము చోటుకు, బ్యాటరీకి వీలైనంత దూరంగా. చివరి కలయిక దగ్గర నిప్పురవ్వ ఎలాగూ తప్పదు. అది హైడ్రోజన్ ఉండే చోట పడకుండా చూడటమే దీని ఉద్దేశం. బండి లేచాక తగిలించిన వరసకు తిరుగు వరసలో తీయాలి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఉంటున్న తెలుగువాళ్లకు మరొక జాగ్రత్త అవసరం. ఛార్జింగు దిగిన బ్యాటరీలోని ద్రవం నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చలికి గడ్డకడుతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి ఇలా కరెంటు ఇస్తే పగిలిపోయే ప్రమాదం ఉంది.

ఇంజిన్ తిరుగుతున్నప్పుడు

డైనమోల కాలం నుంచి వస్తున్న ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకేస్తారు. బండి ఆగకపోతే ఛార్జింగు బాగున్నట్టు లెక్క. ఆల్టర్నేటరు ఉన్న బండిలో ఇది వినాశకరం. బ్యాటరీలోకి కరెంటు పారుతుండగా ఆ దారి ఒక్కసారిగా తెగితే ఆల్టర్నేటరు తన ఉత్పత్తిని వెంటనే తగ్గించుకోలేదు. అణచే డయోడ్లు లేని చోట వోల్టేజీ 80 నుంచి 100 దాకా ఎగిసి, సెకనులో కొన్ని పదో వంతుల కాలం నిలుస్తుంది. ఇంజిన్ కంప్యూటరు, ఎల్‌ఈడీ దీపాలు, స్టీరియో పోవడానికి అది చాలు. చేయవలసిన పరీక్ష చాలా తేలిక. బ్యాటరీ కొసల మీద మల్టీమీటరు పెట్టి చూస్తే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడిచేటప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. మీటరు తీగ ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోతే మాత్రం ఆ మీటరే షార్టు అవుతుంది. ముందు దాన్ని సరిచూసుకోవాలి.

ఇగ్నిషన్ కాయిల్ నుంచి ప్లగ్గుకు వెళ్లే తీగలో 20,000 నుంచి 40,000 వోల్టులు ఉంటాయి. కరెంటు తక్కువ కాబట్టి ఆరోగ్యవంతుడికి సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. అయితే ఉలిక్కిపడి వెనక్కి లాగిన చెయ్యి తిరుగుతున్న ఫ్యానులోకి పోవచ్చు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. బైకు ప్లగ్గు విప్పి, ఇంజిన్ తలకు ఆనించి కిక్ కొట్టి నిప్పురవ్వ చూడటం ప్రతి షెడ్డులోనూ కనిపించే దృశ్యం. ఆ సమయంలో ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతూ ఉంటుంది. ప్లగ్గును రంధ్రానికి దూరంగా ఆనించాలి, రంధ్రాన్ని గుడ్డతో మూయాలి.

వీటన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు పోయే అవకాశం ఉన్న పని స్టార్టరును స్క్రూడ్రైవరుతో షార్టు చేసి బండి లేపడం. తాళం పాడైన ట్రాక్టరు పక్కన నేల మీద నిలబడి, స్టార్టరు సోలినాయిడ్ రెండు బోల్టులనూ కలిపితే ఇంజిన్ తిరుగుతుంది. క్లచ్ నొక్కితేనో గేరు న్యూట్రల్‌లో ఉంటేనో తప్ప స్టార్టు కానివ్వని రక్షణ స్విచ్‌ను ఈ పద్ధతి దాటేస్తుంది. గేరు పడి ఉంటే ట్రాక్టరు అక్కడికక్కడే కదులుతుంది. మనిషి నిలబడ్డ చోటు సరిగ్గా పెద్ద చక్రం దారిలో ఉంటుంది, తప్పుకునే వ్యవధి ఉండదు. స్విచ్ బాగుచేయించేదాకా ట్రాక్టరు పొలానికి పోకపోయినా ఫరవాలేదు.

ఇంజిన్ ఆగి ఉన్నా రేడియేటరు ఫ్యాను వేడిని బట్టి తనంతట తాను తిరిగే కార్లున్నాయి. తాళం జేబులో ఉంటే చాలు మేలుకునే కార్లున్నాయి. చెయ్యి లోపల పెట్టే ముందు తాళాన్ని బండికి దూరంగా ఉంచడం మంచిది.

ఫ్యూజులు, తీగలు, అదనపు దీపాలు

ఫ్యూజు దీపాన్ని కాపాడటానికి ఉందని చాలామంది నమ్ముతారు. అది కాపాడేది తీగను. తీగ ఎంత కరెంటు మోయగలదో చూసి, అంతకన్నా ముందే తెగేలా ఫ్యూజును ఎంచుతారు. కార్లలో వాడే పలక ఫ్యూజులకు రంగులున్నాయి: 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. నీలం ఫ్యూజు పదేపదే పోతోందని ఆకుపచ్చది గుచ్చితే, ఇక తెగేది ఫ్యూజు కాదు, కాలేది తీగ. ఫ్యూజుకు సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టడం కూడా ఇదే. ఫ్యూజు రెండోసారి పోయిందంటే ఎక్కడో తీగ బాడీకి రాసుకుంటోందని అర్థం, వెతకాలి. మన దగ్గర ఎలుకలు వైర్లు కొరకడం సాధారణం కాబట్టి బానెట్ లోపలి నుంచే వెతుకులాట మొదలుపెట్టవచ్చు.

హెడ్‌లైట్ మార్పు సంగతి లెక్కతో చూద్దాం. కంపెనీ ఇచ్చిన 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు పారతాయి. వాటి స్థానంలో 100 వాట్లవి పెడితే 16.7 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వెలుతురు కోసం చేసిన ఈ మార్పుతో వేడి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. ముందు హోల్డరు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత స్టీరింగు దగ్గరి స్విచ్ వేడెక్కుతుంది. వదులుగా ఉన్న ఒక్క కనెక్టరులో నిరోధం 0.1 ఓము పెరిగిందనుకుంటే 10 ఆంపియర్లకు అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగు కడ్డీకి సరిపడే వేడి అది, మినపగింజంత చోట. ఫ్యూజుకు ఈ సంగతి తెలియదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. బండ్లలో మంటలు షార్టు లేకుండా కూడా పుట్టే దారి ఇది.

అదనపు దీపాలు, పెద్ద హారను పెట్టాలంటే రిలే వేసి, బ్యాటరీ నుంచి విడిగా మందమైన తీగ లాగి, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా దానికి ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు దీపం దగ్గర ఉంటే మధ్యలోని తీగకు రక్షణ లేనట్టే. రేకు రంధ్రం గుండా తీగ పోయే చోట రబ్బరు తొడుగు తప్పదు. మెలితిప్పి టేపు చుట్టిన అతుకు మన ఎండలకు నిలవదు, బానెట్ వేడికి జిగురు కారి టేపు ఊడుతుంది. క్రింపు చేసిన కొసలు, వేడికి ముడుచుకునే గొట్టం ఉపయోగించాలి. పాత పద్ధతి బల్బు టెస్ట్ ల్యాంపును దీపాల వరకు వాడవచ్చు. ఇంజిన్ కంప్యూటరు తీగల మీద పెడితే అది లాగే కరెంటుకు లోపలి భాగాలు దెబ్బతినవచ్చు.

ఎయిర్‌బ్యాగులు

భారతదేశంలో 2019 జూలై 1 నుంచి కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు ఆ సంవత్సరం చివర తప్పనిసరి చేశారు. కాబట్టి స్టీరియో మార్చే కుర్రవాడు కూడా ఇప్పుడు పేలుడు పదార్థం పక్కనే పని చేస్తున్నాడు. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగినా పనిచేయాలని ఎయిర్‌బ్యాగు యూనిట్‌లో కెపాసిటరు ఉంటుంది. బ్యాటరీ తీగ విప్పాక అది ఖాళీ అయ్యేదాకా కంపెనీ పుస్తకంలో చెప్పిన సమయం ఆగాలి. అది బండిని బట్టి ఒక నిమిషం నుంచి పది నిమిషాల దాకా ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్లు ఈ వ్యవస్థవి. వాటి మీద మల్టీమీటరు ఓముల పరీక్ష చేయకూడదు, టెస్ట్ ల్యాంపు అసలే పెట్టకూడదు. విప్పిన ఎయిర్‌బ్యాగును అలంకార ముఖం పైకి ఉండేలా బల్ల మీద పెట్టాలి. బోర్లా ఉన్నది పేలితే ఆ భారమంతా బాణంలా పైకి ఎగురుతుంది.

వెల్డింగు, వరద

బాడీ మీద ఆర్క్ వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ విప్పి, వెల్డింగు ఎర్త్ క్లాంపును పని జరిగే చోటికి దగ్గరగా పెట్టాలి. దూరంగా పెడితే ఆ కరెంటు బేరింగుల గుండా, కంప్యూటర్ల ఎర్తుల గుండా దారి వెతుక్కుంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనాలు మునిగినప్పుడు చాలామంది నీళ్లు తీయగానే తాళం తిప్పి చూశారు. అలా చేయకూడదు. తడిసిన కనెక్టర్లకు కరెంటు ఇస్తే అవి పచ్చగా తుప్పు పడతాయి, సిలిండరులో నీళ్లుంటే ఇంజిన్ విరుగుతుంది. ముందు మైనస్ విప్పి, ఆరబెట్టి, తర్వాతే పరీక్ష. మునిగిన ఎలక్ట్రిక్ బండిని ఛార్జింగుకు పెట్టడం మరీ ప్రమాదకరం.

విద్యుత్ వాహనాలు

ఐక్యరాజ్యసమితి 100వ నియమావళి ప్రకారం 60 వోల్టులు దాటిన డీసీని, 30 వోల్టులు దాటిన ఏసీని అధిక వోల్టేజీగా లెక్కిస్తారు. మన దేశంలో కార్లకు ఏఐఎస్-038, ద్విచక్ర వాహనాలు మొదలైనవాటికి ఏఐఎస్-156 ప్రమాణాలున్నాయి. ఈ-రిక్షాలో నాలుగు 12 వోల్టుల సీసపు బ్యాటరీలు వరసగా ఉంటాయి. స్కూటర్లు ఎక్కువగా 48 నుంచి 72 వోల్టుల మధ్య. కార్లలో 300, 400 వోల్టులు మామూలు. ఆ తీగలకు నారింజ రంగు తొడుగు ఉంటుంది.

కారులో అధిక వోల్టేజీ తీగలు రెండూ బాడీకి కలవకుండా విడిగా ఉంటాయి. ఇక్కడే 12 వోల్టుల అలవాటు మోసం చేస్తుంది. ఇన్సులేషను బాగున్నంతకాలం ఒక్క కొస ముట్టుకున్నా ఏమీ కాదు. ఎక్కడో ఒకచోట ఇన్సులేషను దెబ్బతిని ఒక కొస బాడీకి కలిసిందంటే, రెండో కొసను ముట్టినవాడి గుండా పూర్తి వోల్టేజీ పారుతుంది. నియమావళి ప్రకారం డీసీ భాగంలో ఒక్కో వోల్టుకు కనీసం 100 ఓముల ఇన్సులేషను ఉండాలి. అంటే లోపం ద్వారా మనిషికి పారే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు దాటకూడదని లెక్క. డాష్‌బోర్డు మీద ఇన్సులేషను హెచ్చరిక వెలిగిన బండిని ఆ లెక్క తప్పిన బండిగా చూడాలి.

పని మొదలుపెట్టే క్రమం ఇలా ఉంటుంది. తాళం ఆపి, కీని దూరంగా ఉంచాలి. ఈ బండ్లు నడవడానికి సిద్ధంగా ఉన్నా చప్పుడు చేయవు. 12 వోల్టుల బ్యాటరీ మైనస్ విప్పాలి. అధిక వోల్టేజీ దారిని తెంచే సర్వీసు ప్లగ్ లాగి, పనిచేసే మనిషి తన దగ్గరే పెట్టుకోవాలి. ఇన్వర్టరులోని కెపాసిటర్లు ఖాళీ అవడానికి కంపెనీ చెప్పినంత సేపు, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు, ఆగాలి. తర్వాత 1,000 వోల్టులకు తగిన రబ్బరు చేతితొడుగులు, వాటి మీద తోలు తొడుగులు వేసుకుని, వోల్టేజీ సున్నా అయిందో లేదో కొలవాలి. కొలిచే మీటరును ముందు తెలిసిన వోల్టేజీ మీద పరీక్షించి, కొలిచాక మళ్లీ అదే చోట పరీక్షించాలి. మధ్యలో మీటరే చెడిపోతే సున్నా చూపించి చంపుతుంది. రబ్బరు తొడుగును వాడే ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి గాలి నింపి వేళ్లు ఉబ్బాయో లేదో చూడాలి. సూది మొనంత చిల్లు ఉన్నా గాలి తగ్గుతుంది, ఆ తొడుగు పక్కన పడేయాలి. ఒంటరిగా ఈ పని చేయకూడదు.

సర్వీసు ప్లగ్ తీస్తే బండి తీగలు నిర్జీవమవుతాయి, బ్యాటరీ కాదు. పెట్టె లోపల సెల్స్ వరసల మధ్య వోల్టేజీ అలాగే ఉంటుంది. అందుకే పెట్టె మూత తెరిచే పని శిక్షణ పొందినవాళ్లది మాత్రమే. పెట్రోలు బండ్ల మీద ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్కుకైనా ఈ శిక్షణ విడిగా అవసరం, అనుభవం దానికి బదులు కాదు.

స్కూటర్ బ్యాటరీల విషయంలో తెలుగు రాష్ట్రాలు చేదు పాఠాలు చూశాయి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇళ్లలో ఛార్జింగులో ఉన్న బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంట, పొగ పై అంతస్తుల్లోని లాడ్జికి ఎక్కి 8 మంది ప్రాణాలు తీశాయి. ఆ సంవత్సరపు ప్రమాదాల తర్వాత కేంద్రం ఏఐఎస్-156ను సవరించి, 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలు చేసింది. లిథియం సెల్‌లో వేడి ఒక హద్దు దాటితే లోపలి రసాయన చర్య తానే మరింత వేడి పుట్టించుకుని పక్క సెల్‌కు పాకుతుంది. బ్యాటరీ విప్పి రెండు సెల్స్ మార్చి ఇస్తామనే చోట, సెల్స్‌ను కాపలా కాసే సర్క్యూటును తీసేసి తీగ కలిపే చోట ఆ హద్దుకు రక్షణ పోతుంది. ఛార్జింగు మంచం పక్కనా, మెట్ల కిందా, ఇంటి నుంచి బయటపడే ఒకే ఒక దారిలోనూ పెట్టకూడదు. బండితో వచ్చిన ఛార్జరునే వాడాలి.

ప్రమాదం జరిగితే

ఆమ్లం కంట్లో పడితే మరేదీ వేయకుండా ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. వంటసోడా నేల మీద పడిన ఆమ్లానికి, కంటికి కాదు. అధిక వోల్టేజీకి అతుక్కున్న మనిషిని చేత్తో లాగకూడదు. కరెంటు దారి తెంచాలి, లేదా ఇన్సులేషను ఉన్న కొక్కెంతో లాగాలి, 108కి ఫోను చేయాలి, ఊపిరి ఆగితే ఛాతీ మీద ఒత్తిడి మొదలుపెట్టాలి. పైకి చిన్న మచ్చే కనిపించినా లోపల కండరాలు కాలి ఉండవచ్చు, గుండె లయ తర్వాత తప్పవచ్చు. కాబట్టి షాకు తగిలి లేచి కూర్చున్నవారినీ డాక్టరుకు చూపించాలి.

బానెట్ సందుల్లోంచి పొగ వస్తే బానెట్ పూర్తిగా ఎత్తకూడదు, ఒక్కసారిగా గాలి అంది మంట లేస్తుంది. వీలైతే తాళం ఆపి, మనుషులను దించి, కొద్దిగా తెరిచిన సందులోంచి పౌడరు సిలిండరు కొట్టాలి. బస్సుల్లో, లారీల్లో బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఎక్కడుందో డ్రైవరూ క్లీనరూ ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. లిథియం బ్యాటరీ మంటకు పౌడరు సరిపోదు, దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి, అది అగ్నిమాపక సిబ్బంది పని. ఆరిన బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ అంటుకుంటుంది. అందువల్ల కాలిన బండిని, గట్టి దెబ్బ తగిలిన ఎలక్ట్రిక్ బండిని షెడ్డులోకి తోయకుండా ఆరుబయట, ఇతర వాహనాలకూ గోడలకూ సుమారు 15 మీటర్ల దూరంలో నిలపాలి.